విన్నీ కాగితానికి రెండు వైపులు

ఆగస్టులో అమెరికాలోని మా మెయిన్ రాష్ట్రపు తీరంలో మనుషులంతా నీలంగా ఉంటారు. దువ్వెన పళ్ళున్న చాటతో వంగి బ్లూబెర్రీలు దూస్తుంటే, ఆకాశం కాస్త వేళ్ళకంటుకుని ఇంటిదాకా వస్తుంది. చెవుల వెనక, కుక్క మూతి మీద, అన్నిచోట్లా మరకలే. అందుకే డెబ్బై ఒక్కేళ్ళ విన్నీ క్రౌలీ తన ఎడమ రొమ్ము మీద బొత్తామంత ఊదా మచ్చను కూడా ఆ లెక్కలోనే వేసేసింది.

తొమ్మిదేళ్ళ కింద ఆ రొమ్ములో కాన్సరు గడ్డ తీసి రేడియేషన్ ఇచ్చారు. ఆ కథ ముగిసిందనే ఆమె నమ్మకం. నిమ్మకాయతో రుద్దింది, గిన్నెల సబ్బుతో తోమింది. మచ్చ పోలేదు, పక్కన పిల్ల మచ్చ పెట్టింది. చివరికి చెల్లెలు మర్టిల్‌ని చిట్కా అడిగింది. వెనిగర్ పెట్టి చూడమంది మర్టిల్.

విన్నీ స్నానాలగదిలో రుద్దుకుంటుండగా, చూడటానికొచ్చిన మర్టిల్ అక్క వంటింటి అలమార తలుపు మీది కాగితం ఊడదీసింది. ఊరి సంతలో ముప్పై ఏళ్ళుగా అక్కకు మొదటి బహుమతి తెస్తూ, తనను రెండోదానితోనే సరిపెడుతున్న బ్లూబెర్రీ కేకు కొలతలు అందులో ఉన్నాయి. కాపీ చేసుకుని కాగితం తిప్పింది. వెనకవైపు తొమ్మిదేళ్ళ కింద ఆసుపత్రి వాళ్ళు అచ్చువేసి ఇచ్చినది: రేడియేషన్ ఇచ్చినచోట చర్మం రంగు మారితే, ఎన్నేళ్ళకైనా సరే, వెంటనే రావాలి.

చెప్తే దొంగతనం బయటపడుతుంది. స్నానాలగదిలో రుద్దుతున్న చప్పుడు ఆగలేదు. మర్టిల్ వెళ్ళి తలుపు తట్టింది.

“అక్కా, రుద్దడం ఆపు. బ్లూబెర్రీ చర్మం కింద కాయదు.”

మర్టిల్ చేతిలోని కాగితం చూసి విన్నీ మొహం మచ్చకంటే ఊదాగా మారింది. ఆసుపత్రికి వెళ్ళిన గంటన్నర దారిలో కాన్సరు ఊసెత్తలేదట, దొంగతనం గురించే తిట్టిందట.

ముక్క తీసి పరీక్షించారు. రక్తనాళాల లోపొరలో పుట్టే అరుదైన కాన్సరు. పాత రేడియేషనే దాని విత్తనం. తొందరగా వచ్చారు అన్నాడు డాక్టరు. రొమ్ము తీసేశారు.

మరుసటి ఆగస్టులో, ఒక పక్క చదునుగా, విన్నీ సంతకు వచ్చింది. ఆ కొలతలతోనే చేసిన మర్టిల్‌కి మళ్ళీ రెండో బహుమతే.

“కాగితంలో ఉన్నవన్నీ వేశానే,” అంది మర్టిల్.

“అసలుది కాగితం మీద రాయలేదే పిచ్చిదానా,” అంది విన్నీ. “దానికోసమైనా నన్ను బతికించుకుంటావని.”