మస్తాన్ బాయ్ విన్న మూడో పాట

అరవైల్లో అమెరికాలో ఎవరో నలుగురు కుర్రాళ్లు కారు షెడ్డులో వాయించి, ఒక్క రికార్డు వదిలి, ఆ తర్వాత అజాపజా లేకుండా పోయారు. ఆ ఆల్బమ్‌ను మూడు నెలల కింద ఈ బ్లాగులోనే తెగ పొగిడాను. ముఖ్యంగా మూడో పాటలో గుడ్డ చింపినట్టు మోగే గిటార్‌ను.

ఈ రోజు నా స్పీకరు పెట్టెలో వైరు ఊడిపోతే, కడపలో ఉరుసులకూ పెళ్లిళ్లకూ మైకులు కట్టే మస్తాన్ బాయ్ దుకాణానికి తీసుకెళ్లాను. వైరు అతికించి, పరీక్షకు నేను వెంట తెచ్చిన ఆ ఆల్బమ్ సీడీయే పెట్టాడు. మూడో పాట మొదలవగానే ఆపేశాడు.

"కోను చినిగిండాది సార్."

"లేదు బాయ్, వాళ్లు కావాలనే అట్ల వాయించినారు."

"కావాలని ఎవురన్నా పగిలిన సౌండు పెడతారా? ఇరవై ఏండ్లుగా మైకులు కడతాండా, నాకు తెలీదా?"

పెట్టె విప్పి చూపించాడు. లోపలి కాగితపు కోను నిజంగానే బెత్తెడు పొడవున చినిగి ఉంది. కొత్తది వేసి, అదే పాట మళ్లీ పెట్టాడు. గిటార్ ఇప్పుడూ చినుగుతోంది, కానీ సగమే. మస్తాన్ బాయ్ చివరిదాకా విని గడ్డం గోక్కున్నాడు.

"మొదటిదే బాగుండె సార్" అంటూ పాత కోనును పేపర్లో చుట్టి నా చేతికిచ్చాడు. నాకూ అలాగే అనిపించడమే అసలు చిక్కు.

నా దగ్గర ఆ సీడీ కాపీ తీసుకున్నవాళ్లు మీ ఇంట్లో మూడో పాట విని కాస్త చెప్పండి. ఇన్నాళ్లూ నేను మనసు పారేసుకున్నది వాళ్ల గిటార్ మీదా, నా చినిగిన కోను మీదా?