రుహీకి రాసిపెట్టే మనిషి

పొద్దున్నే మా ఆయన ఇంటి ముందు ఆటోలో కూర్చొని రుహీకి పాఠం చదివి వినిపించేవాడు. అది అప్పజెప్పాకే ఆటో స్టార్టు చేసి బడిలో దింపేవాడు. గుండెపోటుతో ఆయన పోయాడు. ఇప్పుడు నా బిడ్డ నడిచి పోతోంది. నేను ఇద్దత్‌లో ఉన్నాను, మొగుడు పోయాక నాలుగు నెలల పది రోజులు గడప దాటను.

రుహీ పదో తరగతి. నోటితో అడిగితే గడగడా చెప్తుంది. రాయబోతే మాత్రం అక్షరాలు ఒకదాని చోట ఒకటి వచ్చి కూర్చుంటాయి. క్లాసులో దాన్ని "సున్నాల రాణి" అంటారు.

నిన్న సాయంత్రం కళావతి టీచర్ వచ్చింది. గుమ్మంలో నిలబడే చెప్పింది.

"ఆసిమా, రేపు పెద్ద దవాఖానల క్యాంపు ఉన్నది. డాక్టర్లు చూసి సర్టిఫికెట్ ఇస్తే, పరీక్షల రుహీ చెప్తాంటె ఇంకొకరు రాస్తరు. మళ్ల క్యాంపు పరీక్షలైనంకనే. అది లేకుంటె ఓపెన్ స్కూల్‌కు పంపుతా అంటాండు హెడ్మాస్టరు. బడి రిజల్టు ఖరాబైతదట."

"మా మరిదిని పంపుత టీచరమ్మా."

"చిన్నప్పటి సంగతులు అడుగుతరు. తల్లే రావాలె."

క్యాంపు రోజే ఆయన చాలీస్వా, నలభయ్యో నాటి ఫాతిహా ప్రార్థన. నెక్కొండ నుంచి చుట్టాలొస్తారు. బగారన్నం, దాల్చా నేనే వండాలి.

టీచర్ అటు పోగానే మరిది రయీస్ అందుకున్నాడు.

"అన్న చాలీస్వా నాడు దవాఖానలల్ల తిరుగుతవా భాబీ? దానికెట్లా చదువు రాదాయె. పెండ్లి జేస్తె అయిపాయె."

రుహీ తల వంచుకుంది. నేను అత్త ఖాసింబీ వైపు చూశాను. కొడుకు పోయినప్పటి నుంచి ఆమె మాటలు తక్కువ.

"ఇద్దత్‌ల ఉన్నా జరూరతు పనుంటె పగటీలి పోవచ్చు, మసీదు మౌల్సాబే చెప్పిండు" అంది. "రయీసూ, నువ్వు పదో తరగతి మూడుసార్లు తప్పినవు. పెండ్లి జేస్తె పాసైనవారా?"

"మరి వంటెవరు జేస్తరమ్మీ?"

అత్త గొంతు మారింది. "అది నాకు తెల్వదు. నా కొడుకు దినం అది. నా చేతులతోని నేను వండలేను."

రాత్రి పక్కలో రుహీ మెల్లగా అంది. "వద్దమ్మీ. నా కోసం అబ్బా ఫాతిహా ఆపకు. ఓపెన్ల రాస్త."

ఓపెన్లో అయినా రాయాల్సింది దాని చేతే కదా.

తెల్లారి లేచాను. వంట గంజు కడిగి బోర్లించి ఉంది, ఉల్లిగడ్డలు గంపలో ఉన్నాయి. అత్త తస్బీ పూసలు తిప్పుతూ నన్నే చూస్తోంది. రుహీని యూనిఫాం వేసుకొమ్మన్నాను. బియ్యం మూట ముడి విప్పకుండానే బుర్ఖా తొడుక్కున్నాను.