దాదా మాట మారాక

కలకత్తా దగ్గర బడ్జ్ బడ్జ్‌లో మా జనపనార మిల్లు మూతపడ్డాక కూడా మేం దాని కూలి లైన్ల ఇళ్ళలోనే ఉండిపోయాం. శ్రీకాకుళం నుంచి మా మామగారు వచ్చిన నాటి నుంచీ అదే గది. మా ఆయన పోయాక నాకు తోడంటే ఎదురింటి వదినే. ఇద్దరం ఒకే పార్టీ. జెండాలు నేను కుట్టేదాన్ని, కర్రలకి ఆవిడ కట్టేది.

మా వాడ పార్టీ నాయకుణ్ణి అందరం అక్కడి వాళ్ళలాగే దాదా, అంటే అన్నా, అనేవాళ్ళం. "ఈ మిల్లులో ఒక్క ఇటుక కూడా అమ్మనివ్వను" అని గేటు ముందు నిలబడి ఆయన అంటే మా అందరికీ కళ్ళనీళ్ళు తిరిగేవి. ఆయన రమ్మంటే సాల్ట్ లేక్ వెళ్ళి సర్కారు ఆఫీసు ముందు ఎండలో కూర్చున్నాం. వదినకి కళ్ళు తిరిగితే ఒళ్ళో పడుకోబెట్టుకుని చెంగుతో విసిరాను. కళ్ళు తెరుస్తూనే ఆవిడ అడిగింది, "మిల్లు అమ్మీసారేటి?" అని.

మరుసటి ఏడాది వానలు వెనకబట్టాక క్లబ్బులో మీటింగు పెట్టారు. దాదా బెంగాలీలో నెమ్మదిగా చెప్పాడు. "దుఃఖం కడుపు నింపదు. మిల్లు స్థలంలో ఫ్లాట్లు లేస్తే మీ పిల్లలకి పనులు దొరుకుతాయి." ముందు వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. నేను వదిన ముఖం చూశాను. ఆవిడ చుట్టూ ఉన్న ముఖాలు చూస్తోంది. చూసి, తనూ కొట్టింది.

తెల్లారి కుళాయి దగ్గర, "దుక్కం కడుపు నింపదమ్మా" అంది వదిన, తనకే తట్టిన మాటలాగ.

"మొన్నటిదాకా అమ్మొద్దన్నాం గదా వదినా?"

"ఎవులన్నారు? మిల్లు తెరవమన్నాం గానీ పనులొద్దన్నామేటి?"

ఆవిడ కళ్ళల్లోకి చూశాను. అబద్ధం లేదు. నాకు భయం వేసింది అందుకే.

ఆ ఆదివారం పార్టీ ఆఫీసుకి వెళ్ళి దాదానే అడిగాను, మనం ఇన్నాళ్ళూ అన్నది తప్పా అని. ఆయన కోప్పడలేదు. నవ్వి, పిన్నీ అని పిలిచినట్టు, "మా మాసీ మనసింకా మిల్లులోనే తిరుగుతోంది" అన్నాడు. అక్కడున్న వాళ్ళందరూ నవ్వారు. అంతే. నాతో మాట్లాడొద్దని ఆయన ఎవరికీ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేకపోయింది. నేను కుళాయి దగ్గరికి వెళ్తే మాటలు వాన మీదికీ ఎండ మీదికీ మళ్ళేవి. జెండాలు బయట కుట్టించుకున్నారు. ఒకసారి జ్వరంతో పడుకుని ఉంటే వదిన చెప్పుల చప్పుడు నా గుమ్మం దాకా వచ్చింది. ఆగింది. వెనక్కి వెళ్ళిపోయింది. చాలాసేపు తలుపు వైపే చూస్తూ పడుకున్నాను.

అలా రెండు దుర్గా పూజలు, రెండేళ్ళు గడిచాయి. ఆ ఫ్లాట్లు కడతామన్న వాళ్ళకీ దాదాకీ ఎక్కడ చెడిందో మాకు తెలీదు. ఎన్నికల ముందు ఆయన మళ్ళీ వచ్చి, మిల్లు మన ప్రాణం, పోనివ్వను అన్నాడు. జనం మళ్ళీ ఏడ్చారు. నేను వెనక నిలబడి విన్నాను. సంతోషించాలి కదా, ఏమీ అనిపించలేదు.

వదిన జనంలోంచి తోసుకుంటూ నా దగ్గరికి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. "సూసావా? మొదట్నుంచీ మనం అన్నదదే గదా!"

"అవును వదినా."

ఆవిడ గొంతు తగ్గించి, నా చెయ్యి పట్టుకుంది. "నువ్వే అప్పుడు దాదాకి ఎదురెల్లావు. పోన్లే, ఇప్పటికైనా మనసు మార్సుకున్నావు. నానేటీ మనసులో పెట్టుకోలేదు."

ఎన్నాళ్ళయిందో ఒక మనిషి నా చెయ్యి పట్టుకుని. విడిపించుకోలేకపోయాను. కాదు అనలేకపోయాను కూడా. వాళ్ళింటికి వెళ్ళి టీ తాగాను. ఆవిడ పాత రోజుల్లాగే గలగలా మాట్లాడుతూ ఉంది. నేను ఊఁ కొడుతూ, ఎప్పుడు లేచి వెళ్ళి నా గది తలుపు వేసుకుందామా అని చూస్తున్నాను.