మొదటి గంప

నాయన కువైట్‌లో డ్రైవర్‌గా సంపాదించిందీ, పెదనాయన ఇక్కడ కూడబెట్టిందీ కలిపి పులివెందుల దగ్గర చీనీతోట, అదే బత్తాయితోట, కొన్నారు. నాయన ఊళ్లో లేడు కాబట్టి ఇద్దరి భూమినీ పెదనాయన ఒక్కడి పేరునే రాయించారు. తమ్ముడి భాగానికి అన్నే కాపలా అనుకున్నాం. ఆయన తోట మొత్తాన్నీ తన కొడుక్కి దానపట్టా రాసిచ్చాడని నాయన తిరిగొచ్చాకే తెలిసింది. కోర్టుకెక్కాం.

వాయిదాకని ప్రొద్దుటూరులో బస్సెక్కినప్పుడల్లా నాయన నాతో ఒకటే అనేవాడు. "మొదటి గంప సంగతి చెప్తే చాలమ్మా. జడ్జికి అంతా అర్థమయితాది."

ప్రతి కాపులో తొలిగా కోసిన కాయలను పెదనాయన గంపకెత్తి, మా ఇంటికి బస్సులో వేసి పంపేవాడు. అంతకు మించిన సాక్ష్యం ఉంటుందని నాయన అనుకోలేదు.

బోనెక్కి ఆ మాటే గర్వంగా చెప్పాడు. "ఒక్క కాపు కూడా తప్పకుండా మా యన్న పంపిస్తాండె సామీ."

అవతలి వకీలు నవ్వాడు. "సొంత తోటయితే నువ్వే కోయించుకుంటావు గదా. ఆయన పంపేదేందప్పా? చుట్టాలకు పంపినట్టు పంపినాడు, అంతేగా?"

ఆ నవ్వుకు నా ఒళ్లు మండిపోయింది. నాయన మాత్రం వకీలు వైపు చూడనే లేదు. ఎదురుగా బెంచీ మీదున్న పెదనాయన వైపు తిరిగి చేతులు జోడించాడు.

"నువ్వు చెప్పన్నా. నా భాగమని పంపితివా, దానమని పంపితివా?"

ఆయనతో మాట్లాడకూడదని జడ్జి గద్దించారు.

నా చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో ఏ తగువొచ్చినా తీర్పు చెప్పింది పెదనాయనే. ఆ రోజు ఆయన తలెత్తలేదు.