కాపలాదారు గడిలో కంచె

మా తాత అమినియేలి కిలిమంజారో కొండవాలులో కాఫీ సంఘం గోదాములో హాజరు రాసేవాడు. ముసలితనంలో కంప్యూటర్ నేర్చుకుని, కోడి గింజలేరినట్టు ఒక్క వేలితో కొట్టేవాడు. ఏడో తరగతితో బడి మానేసి ఫోన్ల కొట్లో కూర్చున్న నన్ను చూసి, "నీకంటే నేనే నయం" అనేవాడు. ఈ గొడవ వచ్చేదాకా నయమే.

కార్యదర్శి చేసిచ్చిన ఎక్సెల్ పట్టికలో వచ్చిన గంట, వెళ్లిన గంట కొడితే పనిచేసిన గంటలు వాటంతటవే వచ్చేవి. రాత్రి కాపలాదారు ఎలియవోని వరుసలో మాత్రం చివరి గడి నిండా అడ్డగీతలూ నిలువుగీతలూ, కంచె పాతినట్టు. తాత గడిని వెడల్పు చేశాడు. కంచె ఇంకా పొడుగైంది.

"నిద్రపోయినవాడికి కంప్యూటర్ ఇలా కంచె కడుతుంది," అని కాఫీ తూకం రోజున అందరి ముందూ చెప్పేశాడు. తెలియదనడం ఆయనకు చేతకాదు. కార్యదర్శి నమ్మాడు. ఎలియవోని తన టార్చిలైటు బల్ల మీద పెట్టి, కాపలా పని వదిలి వెళ్లిపోయాడు.

ఆ ఆదివారం నేను చూశాను. "తాతా, ఇది సున్నా కంటే తక్కువ టైము. చూపించడం రాక గీతలు పెడుతోంది. ఏం కొట్టావు?"

"వచ్చింది పన్నెండు, వెళ్లింది పదకొండు. అందరూ అనేదేగా."

మేం గంటలు పగలైతే తెల్లవారినప్పటి నుంచి, రాత్రయితే పొద్దుగూకినప్పటి నుంచి లెక్కపెడతాం. సాయంత్రం ఆరు మాకు పన్నెండు, వేకువన అయిదు మాకు పదకొండు. పగటి కూలీలకు అలా కొట్టినా లెక్క కుదిరింది. ఇతనికి పదకొండులోంచి పన్నెండు పోవాలి. మధ్యలో రోజు మారింది కదా అని వెళ్లిన గంటకు ఒక రోజు కలిపాను. ఇరవైమూడు గంటలు వచ్చాయి.

"మొన్న అసలు పనే చెయ్యలేదన్నావు. ఇప్పుడు కంప్యూటర్ పెళ్లాం మొహం కూడా చూడకుండా చేశాడంటోంది," అన్నాను.

తాత నవ్వలేదు. ఫోన్ చూపించే ఇరవైనాలుగు గంటల లెక్కలో పద్దెనిమిదీ అయిదూ కొట్టి, మళ్లీ రోజు కలిపాను. పదకొండు గంటలు. కంచె పోయింది. తాత కళ్లజోడు తీసి చొక్కాతో తుడుస్తూనే ఉండిపోయాడు. అన్నం దగ్గరికి రాలేదు.

మర్నాడు పెరటి దడిలోంచి ఇసాలె ఆకు కోసి ముడివేశాడు. క్షమించమని ఆ ఆకు పట్టుకొచ్చినవాణ్ణి మా వాళ్లు కాదనరు. మేం వెళ్లేసరికి ఎలియవోని ఇంటి దగ్గర తన ఆవుకి అరటిబోదె తరుగుతున్నాడు.

"తప్పు కంప్యూటర్‌ది కాదు, నాది," అన్నాడు తాత.

"ఇక్కడ తీసుకుంటే నా ఆవుకే తెలుస్తుంది. నన్ను నిద్రమొహమన్నది ఆవు ముందా అన్నా?"

తర్వాతి తూకం రోజుకి ఆకు వాడిపోయింది. కొత్తది కోస్తానంటే తాత వద్దన్నాడు. బస్తాల ముందు నిలబడి, "ఇతను నిద్రపోలేదు. నాకు తెలియక, తెలుసన్నాను," అన్నాడు. ముడివేసిన ఆకు ముందుకు చాచాడు.

ఎలియవోని ఆకు అందుకున్నాడు. "దీనికంటే నువ్వే ఎక్కువ వాడిపోయావన్నా." కార్యదర్శి టార్చి తిరిగిచ్చాడు.

ఇప్పుడు రోజూ సాయంత్రం డ్యూటీకి రాగానే ఎలియవోని అడుగుతాడు: "ఎన్నింటికొచ్చాను అన్నా?"

"పద్దెనిమిదికి," అంటాడు తాత, నేల చూస్తూ.