వరసలో జానెడు సందు

కార్పెట్లు పరిచేవాడు మసీదు కొలత తప్పాడన్న మాట కిరాణా కొట్టు దగ్గర పుట్టి, సాయంత్రానికల్లా వీధి చివరికి చేరింది. పరుపులాంటి కొత్త కార్పెట్ పడ్డాక లోపల వరసకి పట్టే మనుషులు తగ్గారు. మిగిలినవాళ్లు వరండా బండల మీద మోకాళ్లు ఆనించాల్సొస్తోంది. అంతవరకూ నిజం. ఆ పైదంతా కోడిగుడ్డు మీద ఈకలు పీకడమే. మసీదు గడప ఏనాడూ తొక్కని పాలవాడు కూడా "టేపు తిరగేసి పట్టుకున్నాడట" అని తలాడించాడు. వంకర గోడల గదిలోనైనా వెంట్రుకవాసి తేడా రాకుండా అంచు కోసే మనిషి, అతనా కొలత తప్పేది?

అతనికో అన్న ఉన్నాడు, తాళాలు బాగుచేస్తాడు. ఇద్దరివీ ఎదురెదురు ఇళ్లు. తల్లికి జబ్బు ముదిరినప్పుడు తమ్ముడు పొరుగూళ్లో ఏదో హోటలుకి కార్పెట్ పరుస్తున్నాడు. కంగారు పడతాడు, పని ముగించుకోనీ అని అన్న కబురు ఆపాడు. ఆమె ఆగలేదు. తమ్ముడు వచ్చేసరికి మట్టి చేసేశారు. అప్పట్నుంచి మాటల్లేవు. అన్న ఎన్నోసార్లు గుమ్మం దాకా వచ్చాడు. వచ్చినప్పుడల్లా తమ్ముడు తలుపేసుకున్నాడు.

నమాజులో తలుపేసుకోవడం కుదరదు. వరసలో సందు వదలకూడదు, భుజానికి భుజం ఆనాలి. అన్న ఆ కిటుకు పట్టాడు. తమ్ముడు ఎక్కడ నిలబడితే అక్కడికొచ్చి దూరేవాడు, అదీ కుడిపక్కనే. ముగిస్తూ సలాం చెప్పేటప్పుడు మొహం ముందు కుడికే తిప్పాలి మరి. పాత చాపలకి హద్దులుండేవి కావు, ఎంతమందొస్తే అంత సర్దుకునేవాళ్లు. కింద సిమెంటు నేలకి మోకాళ్లు జివ్వుమనేవి. తమ్ముడు పళ్లు బిగబట్టి నిలబడేవాడు. భుజం మాత్రం వెచ్చగా ఉండేది.

కార్పెట్ వేయిద్దామనుకున్నప్పుడు కమిటీ పెద్దాయన, మోకాళ్లనొప్పుల మనిషి, అతన్నే పిలిపించాడు. అతను రెండు ముక్కలు తెచ్చి ముందు పరిచాడు.

"ఏది మెత్తన?"

"రెండూ ఒకటే మెత్తనండీ. ఇది సాదాది, వరసకో గీత ఉంటుంది. ఇదైతే మనిషికో గడి, గడికో కమాను బొమ్మ."

"నా మోకాళ్లకి బొమ్మలెందుకయ్యా. నువ్వేమంటావు?"

అతను గళ్ల ముక్కని బొటనవేలితో నొక్కి చూశాడు. "గళ్లదే వేద్దాం. కాస్త వెడల్పుగా. ఎవరి చోటు వాళ్లకుంటుంది."

మొదటి శుక్రవారం అందరూ హాయిగా ఉందన్నారు. దగ్గరగా జరగండి అని ఇమాం చెప్పినా, ఎవరి గడి వాళ్లు చూసుకుని ఉన్నచోటే నిలబడ్డారు. అన్న వచ్చి కుడిపక్క గడిలో చేరాడు. మధ్యన జానెడు సందు. ఓ అడుగు ఇటు వెయ్యబోయి, కింద గీత చూసి కాలు వెనక్కి తీసుకున్నాడు. తర్వాతి వారం రాలేదు. ఆ పై వారమూ రాలేదు. తాళాల కొట్లోనే నమాజు చేసుకుంటున్నాడు.

అప్పుడు వదిన వచ్చింది. ఆమెతో మాటలు ఏనాడూ ఆగలేదు. అతను వాకిట్లో మిగిలిన కార్పెట్ ముక్కలు కోస్తున్నాడు.

"ఊరంతా నీ టేపుకి జబ్బు చేసిందంటున్నారు మరిదీ."

"అననీ వదినా, నోళ్లకి నేను కార్పెట్ పరచలేను కదా."

"మీ అన్న కూడా పొరపాటే అంటున్నాడు. చిన్నప్పుడూ వాడి గీత వంకరేలే అని నవ్వుతాడు. ముద్ద మాత్రం మింగడు."

కత్తి ఆగింది.

"నా మొహం చూసి చెప్పు. కొలత తప్పావా?"

తప్పానంటే సరిపోయేది. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఆమె ఎదురింటికి పరుగెత్తేది, ఆ పూట అక్కడ అన్నం దిగేది. అది అతనికీ తెలుసు. చేతిలో ముక్కని మడిచి పక్కన పెట్టాడు.

"తప్పలేదు వదినా. అన్న భుజం తగిలినప్పుడల్లా నా కోపం కొంచెం కొంచెంగా కరిగిపోయేది. అమ్మది నా దగ్గర మిగిలింది ఆ కోపమొక్కటే."