మా పెద్దత్త ద్రాక్షారసం

మొన్న మా మనవడు భార్యను వెంటబెట్టుకుని బెంగుళూరు పక్కన ఎక్కడో ద్రాక్షతోటలు చూసొచ్చాడు. టికెట్టు కొని లోపలికి పోతే తోటంతా తిప్పుతారట, కొయ్య పీపాలు చూపిస్తారట. చివర్లో గాజు గ్లాసు అడుగున రవ్వంత పోసి, ఇట్లా తిప్పు, అట్లా వాసన చూడు, నోట్లో పోసుకుని పుక్కిలించు అని నేర్పిస్తారట. తాగడానికి కూడా ఒకరు నేర్పాల్సి వచ్చిందా అనుకున్నాను. వాడు ఫోన్లో ఫోటోలన్నీ చూపించి, పాపం అవ్వకు ఇవన్నీ కొత్త కదా అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఎనభై దాటిన ముసలిదానికి కొత్తవి బోలెడు ఉంటాయి, కాదనను. వాడి చేతిలో ఫోను నాకు కొత్తే. ద్రాక్షారసం మాత్రం కాదు. వాడి తాత పుట్టిన ఊరికి కరెంటు రాకముందే నేను ద్రాక్షతోటలన్నీ టికెట్టు లేకుండా తిరిగాను, జాడీకి చెవి ఆనించి లోపల రసం పొంగే చప్పుడు విన్నాను. అదంతా వాడికి చెప్పబోతే ఫోను మోగింది, లేచిపోయాడు. వినేవాళ్లు లేకపోతే రాయడమే మేలని కూర్చున్నాను.

ఎర్రగుంట్ల స్టేషన్లో దిగి ఎద్దుల బండి ఎక్కితే, ఎండ నెత్తికెక్కేలోగా మా ఊరు చేరేవాళ్లం. నాపరాళ్ల గోడలు, నాపరాళ్ల కప్పు, వాకిట్లో నాపరాళ్ల పరుపు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ వాకిట్లో కాలు పెడితే పెనం మీద పెట్టినట్టే. మా నాయన మిషను బడిలో పంతులు. ఆయనకు అక్క, మా పెద్దత్త. పెళ్లయిన కొత్తలోనే మామ చనిపోతే పుట్టింటికి వచ్చేసింది. ఎత్తు మనిషి, గొంతు అంతకన్నా ఎత్తు. మా గుడిలో, అంటే చర్చిలో, ఆడవాళ్లు ఎడమవైపు చాపల మీద కూర్చోవాలి, నోరెత్తకూడదు. వాక్యం చదవడం, కానుక పట్టడం, సంఘం లెక్కలు అడగడం అన్నీ మగవాళ్లవే. అయితే ప్రభువు బల్ల మీద, రొట్టె పక్కన వెండి గిన్నెలో పోసే ద్రాక్షారసం మాత్రం మా పెద్దత్త చేతిది. ఒకప్పుడు మిషను బంగళాలో ఉన్న దొరసాని ఆమెకు ఆ పని నేర్పింది. దొరలు వెళ్లిపోయాక మద్రాసు నుంచి సీసాలు రావడం ఆగింది, పెద్దత్త జాడీలు ఆగలేదు. ఆ పని పోతే ఆమెకు ఆ గుడిలో చాప మీద ఇంత చోటు తప్ప మరేమీ మిగలదు. ఇంట్లో చిన్నదాన్ని నాకే తెలుసు ఆ సంగతి, ఆమెకు తెలియకుండా ఉంటుందా.

ఇక్కడ ఒక మాట సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మన బైబిల్లో మత్తెక్కేదాన్ని కూడా ద్రాక్షారసం అనే రాశారు. నోవహు తాగి ఒళ్లు తెలియక పడిపోయింది ద్రాక్షారసమే, కానా పెండ్లిలో యేసు నీళ్లను మార్చిందీ ద్రాక్షారసంగానే. గుడి బయట మనుషులకు మాత్రం రసమంటే పండు పిండిన రసం. మావాళ్లకు ఈ తేడా ఎప్పుడూ తట్టలేదు. మా కోడుమూరు చిన్నాయన ఒకసారి ఎవరింటికో పోయి ఏం తీసుకుంటారంటే నిమ్మరసం అనబోయి అలవాటు కొద్దీ ద్రాక్షారసం అన్నాడట. ఆ ఇంటావిడ పాపం ఎండుద్రాక్ష నానబెట్టి పిండి, చక్కెర కలిపి ఇచ్చిందట.

ఆ ఏడు ఎండాకాలం మా ఇల్లు జనంతో కిటకిటలాడింది. చిన్నాయన కుటుంబం కోడుమూరు నుంచి దిగింది, అమ్మ తరఫువాళ్లు కర్నూలు నుంచి వచ్చారు, నాయన స్నేహితులు వచ్చి పోతూనే ఉన్నారు. రాత్రి ఎవరు ఎక్కడ పడుకున్నారో తెల్లారితే గాని తెలిసేది కాదు. అంతమందిని ఊరికే కూర్చోబెట్టి మేపే రకం కాదు పెద్దత్త. తెల్లవారక ముందే లేపి, గంపలు చేతికిచ్చి, బండ్లు కట్టించి తోటలకు తోలుకుపోయేది. మొదటిది బంగళా వెనక పందిరి. దొరసాని నాటిన తీగ, కాసేది తక్కువ, పులుపు ఎక్కువ. రెండోది రెడ్డిగారి బావితోట. అక్కడ పనిమనిషి గంప తెచ్చి దూరంగా గట్టు మీద దించి, తీసుకుపొమ్మని సైగ చేసేది. పెద్దత్త కదిలేది కాదు. గట్టు మీదే చీర సర్దుకుని కూర్చుని, చేతికిచ్చేదాకా ఎండలో మమ్మల్నందర్నీ కూర్చోబెట్టేది. మాకు దాహం, ఆమెకు పంతం. చివరికి రెడ్డిగారి భార్యే విసుక్కుంటూ వచ్చి గంప చేతికందించి పోయింది. మరుసటి ఏటి నుంచి నేరుగా చేతికే ఇచ్చారు.

మూడోది పెన్న ఒడ్డున సాయిబుగారి తోట. అన్నిటికన్నా మాకు ఇష్టమైంది అదే. ఆయన పెద్దత్తను బెహన్ అనేవాడు, ఈమె ఆయన్ని అన్నా అనేది. పందిరి కింద చాప పరిచి, మా పిల్లకాయలందరికీ చేతినిండా అంగూర్ పెట్టి, గుత్తులు తానే కోసి గంపలో ఆకులు పరిచి పేర్చేవాడు. ప్రతి ఏడూ గంప ఎత్తించేటప్పుడు ఒకటే మాట అనేవాడని మా నాయన నవ్వుతూ చెప్పేవాడు. నేను పండు ఇస్తాండా బెహన్, ఆ పండు మీ ఇంటికి పోయి ఏమైతుందో నాకు తెలీదు, తెలుసుకోను.

ఇంటికొచ్చాక పెద్దత్త ఇంటిల్లిపాదినీ పనిలో పెట్టేది. పండ్లు కడిగేవాళ్లు కొందరు, కాడలు తుంచేవాళ్లు కొందరు. బైబిల్లో కాళ్లతో తొక్కుతారు కదా, మేమూ తొక్కుతామని పిల్లలం ఎగబడితే, మీ కాళ్లు చూస్తాండా కదా, తొక్కినాక తాగేదెవురు అని తరిమేసింది. చేతులతోనే పిసికింది, మోచేతుల దాకా ఎర్రగా. జాడీల్లో పోసి, పైన తెల్లగుడ్డ కట్టి, చీకటి గదిలో తడి ఇసుకలో పాతిపెట్టింది. మా సీమ ఎండకు ఏదైనా తొందరగానే పొంగుతుంది. రెండో రోజుకే గదిలో తియ్యటి, పుల్లటి వాసన. జాడీకి చెవి ఆనిస్తే సన్నగా బుసబుస. అది ప్రార్థన చేసుకుంటోందని, గోల చేస్తే చెడిపోతుందని పెద్దత్త చెబితే నమ్మి, ఆ గది ముందు మునివేళ్ల మీద నడిచేవాళ్లం. మమ్మల్ని నోరు మూయించడానికి అలా చెప్పిందని పెద్దయ్యాక గాని తెలియలేదు.

అయితే ఆ ఏడు ఒక చిక్కుంది. కొత్తగా మద్యనిషేధం వచ్చింది, అదీ మా కడప జిల్లాకు. పక్కనున్న కర్నూలు జిల్లాకు రాలేదు. ఊరి చివర కల్లంగడి మూయించి, అంగడాయన కుండలు అందరి ముందూ పగలగొట్టారు. మా అయ్యగారు, అంటే గుడి పాస్టరుగారు, మంచి మనిషి, కానీ ప్రభుత్వం అనే మాట వింటేనే కండువాతో చెమట తుడుచుకునే రకం. ఇంటికొచ్చి, ఈసారికి మానుకో తల్లీ, ఎండుద్రాక్ష నానబెట్టిన నీళ్లతో గడుపుకుందాం అన్నాడు. చిన్నాయన ఇంకో ఉపాయం చెప్పాడు. జాడీలు కోడుమూరుకు తోలుకుపోతే అక్కడ అడిగేవాడు లేడని. పెద్దత్త ఇద్దరి మాటా వినలేదు. బల్ల ఈడ ఉంటే రసం ఆడ ఏమిటికి అంది. అయ్యగారు పోతూపోతూ మా నాయన చెవిలో చెప్పిన మాట నాకు వినబడింది. ఎవరైనా వచ్చి అడిగితే ద్రాక్షారసం అనండి చాలు, వాళ్లకు రసమని అర్థమవుతుంది, మనం అబద్ధం చెప్పినట్టూ కాదు.

వచ్చారు. బల్ల ఆదివారానికి, అంటే గుడిలో రొట్టె, రసం పంచే రోజుకు, ముందురోజు, శనివారం మధ్యాహ్నం. సైకిలు మీద ప్రొహిబిషన్ ఇన్‌స్పెక్టరు, వెనక ఇద్దరు జవాన్లు, వాళ్ల వెనక దడి దగ్గర నిలబడి కల్లంగడాయన. ఆయనే ఫిర్యాదు చేశాడు. ఇన్‌స్పెక్టరు సర్కారు జిల్లాల నుంచి వచ్చిన కుర్రవాడు, మర్యాదస్తుడు. జాడీలు వాకిట్లోకి తెప్పించి, వీటిలో ఏముందండీ అని అడిగాడు. అయ్యగారు అందుకున్నారు, ద్రాక్షారసమండీ అని. ఇన్‌స్పెక్టరు ముఖం తేటపడింది. ఓహో, పండ్ల రసమా, ఆ మాత్రానికేనా అని కల్లంగడాయన వైపు చిరాగ్గా చూసి టోపీ పెట్టుకున్నాడు. మా అమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. ఇంకొక్క నిమిషం ఎవరూ మాట్లాడకుండా ఉంటే చాలు, అంతా గట్టెక్కేది.

పెద్దత్త వచ్చి జాడీల పక్కన నిలబడింది.

"పులిసిందప్పా ఇది. నెల కావస్తాండాది. గుక్కెడు తాగితే ఏమీ కాదు. జాడీ తాగితే నువ్వు ఆ సైకిలు ఎక్కలేవు."

అయ్యగారు కళ్లు మూసుకున్నారు. ప్రార్థన అనుకుంటాను. ఇన్‌స్పెక్టరు టోపీ మళ్లీ తీశాడు. మీవాళ్లే రసమని చెప్పారు కదమ్మా అన్నాడు, దయచేసి నువ్వూ అలాగే చెప్పు అన్నట్టు.

"మా బైబుల్లో రసమనే రాసినారు. ఆ మాట చాటున దాక్కునేదానికి నేను దీన్ని చెయ్యలేదు. అదో, ఆయప్ప కుండలు పగలగొట్టినారు. నా జాడీలు మాత్రం ఎట్ల మిగల్ల అని అడుగుతాండాడు. ఆయప్ప అడిగేది న్యాయమే. ఇది మా దేవుని బల్ల మీదిది, నేను చేసింది. పారబోసేదుంటే నువ్వు పారబొయ్యి. నా చేత్తో నేను పొయ్యను."

గుడులకు అనుమతి ఇస్తారని, అయ్యగారు అర్జీ పెట్టుకుంటే వస్తుందని, అంతవరకు తన చేతిలో ఏమీ లేదని ఆ కుర్రవాడు వివరించాడు. అనుమతి నా పేరుతో ఇస్తావా, చేసేది నేను కదా అని అడిగింది. అలా కుదరదండీ, సంఘం పెద్ద పేరుతోనే అన్నాడు. జవాన్లు జాడీలు వంచారు. వేడెక్కిన నాపరాళ్ల మీద ఎర్రగా పారింది, వాసన ఊరంతా లేచింది. కోళ్లు తొక్కలు పొడుచుకుతిని సాయంత్రానికి అడ్డదిడ్డంగా నడిచాయి. మరో రోజైతే పడీపడీ నవ్వేవాళ్లం. కల్లంగడాయన గెలిచినవాడిలా లేడు, తలవంచుకుని వెళ్లిపోయాడు. రాత్రి ఇంట్లో మగవాళ్లంతా పెద్దత్త మీద విరుచుకుపడ్డారు. చేతికందినదాన్ని నోటితో పోగొట్టావన్నారు. ఆమె ఎర్రబడిన వాకిలి కడుక్కుంటూ ఉండిపోయింది. నాకైతే వాళ్లందర్నీ కొరకాలనిపించింది.

మర్నాడు గుడి నిండింది. జరిగింది చుట్టుపక్కల ఊళ్లకూ పాకింది, ఎప్పుడూ రానివాళ్లు కూడా వచ్చారు. బల్ల మీద రొట్టె, వెండి గిన్నెలో అయ్యగారు పోయించిన ఎండుద్రాక్ష నీళ్లు. ఇంకా పాట మొదలు కాలేదు, ఎడమవైపు చాపల మీద నుంచి పెద్దత్త లేచింది. ఆడది ఎప్పుడూ తొక్కని మెట్టు ఎక్కింది. గిన్నె తీసుకుని కిటికీలోంచి నీళ్లు పారబోసి, కొంగుతో తుడిచి, మళ్లీ బల్ల మీద పెట్టింది. మగవాళ్ల వైపు నుంచి ఒక పెద్దమనిషి, ఆడదానివి, దిగు అని గద్దించాడు.

"దిగుతా. మన రసం పారబోసినారు. అది మల్లీ వచ్చేదాకా ఈ గిన్నె ఖాళీగానే తిరగల్ల. మనకేం పోయిందో అందరికీ తెలియల్ల."

దిగి వచ్చి తన చోట్లో కూర్చుంది. అయ్యగారిని పిరికివాడని ఇంతసేపూ రాశాను, ఇది కూడా రాయాలి. ఆయన ఆ ఖాళీ గిన్నెను రెండు చేతులా ఎత్తి, ఎప్పుడూ చెప్పే మాటలన్నీ ఒక్కటీ వదలకుండా చెప్పి, పెదవులకు ఆనించుకుని, పక్కవాళ్లకు అందించారు. గద్దించిన పెద్దమనిషి కూడా అందుకోక తప్పింది కాదు. గిన్నె అందరి చేతుల మీదుగా తిరిగి ఆడవాళ్లలోకి వచ్చింది. ఎవరూ నవ్వలేదు. కొందరు ఏడ్చారు. పెద్దత్త దగ్గరికి వచ్చేసరికి ఆమె తాగింది, నిజంగా తాగినట్టే గుటక వేసింది. తర్వాత నా వైపు తిరిగింది. పెద్దయి, అయ్యగారి ప్రశ్నలకు జవాబులు చెప్పి సంఘంలో చేరితే తప్ప పిల్లలకు గిన్నె అందకూడదు. అందరూ చూస్తుండగా నా నోటికి ఆనించింది.

"తాగు పాపా. ఖాళీ గిన్నెకు అడ్డం చెప్పే చట్టం యాడా లేదు."

ఆ ఏడంతా మా గుడిలో గిన్నె ఖాళీగానే తిరిగింది. అయ్యగారు ఆఫీసుల చుట్టూ తిరిగారు. చివరికి అనుమతి వచ్చింది, ఆయన పేరుతోనే. మద్రాసు సీసా ఏదీ తెప్పించలేదు. పై ఎండాకాలం ఆయనే బండి కట్టించుకుని సాయిబుగారి తోటకు వచ్చి గంప నెత్తినెత్తుకున్నారు. ప్రతి బల్ల ఆదివారం గిన్నె ఎత్తే ముందు, ఇది ఫలానావారు చేసినది అని పెద్దత్త పేరు చెప్పడం మొదలుపెట్టారు. పేరు వినబడినప్పుడల్లా ఆమె తల వంచుకునేది కాదు, ఇంకాస్త ఎత్తేది. కల్లంగడాయన కుండలకు మాత్రం ఏ అనుమతీ రాలేదు. అది న్యాయమా అంటే, కాదనే అంటాను. పెద్దత్త కూడా బతికున్నంతకాలం కాదనే అంది.

నేనూ తర్వాత జవాబులన్నీ అప్పజెప్పి సంఘంలో చేరాను. నిండు గిన్నె ఎన్నిసార్లు నోటికందిందో చెప్పలేను. ఇన్నేండ్ల కాలం వాటి రుచులన్నీ ఒక్కొక్కటిగా తుడిచేసింది. పెద్దత్త అందరి ముందూ నా చేత తాగించిన, ఏమీ లేని ఆ గుక్క ఒక్కటే ఇంకా గొంతు దిగలేదు.